ట్రాన్స్‌ఫర్ కాగితం నువ్వే రాసుకోవాలి

తమ్ముడికి, ప్రభువు నామంలో వందనాలు.

నీ ఉత్తరం చేరింది. ఆదివారం రెండు ఆరాధనలూ నిండుతున్నాయి, ఇలాంటప్పుడు సంఘం వదిలి వెళ్ళాలనిపించడం దేవుని నడిపింపా, నా బలహీనతా అని అడిగావు. మీ వదిన చదివి, "ఆ అబ్బాయికి ముందు నిద్ర కావాలి, తర్వాత నడిపింపు" అంది. నవ్వాను గానీ, ఆమె మాట తీసిపారేయకు. క్రిస్మస్ నెల అయిపోయిన వారంలోనూ, కమిటీలో గొడవ జరిగిన రాత్రీ ఏ నిర్ణయమూ తీసుకోకు. బాగా నిద్రపోయి లేచిన రోజున కూడా అదే ఆలోచన ఉంటే, అప్పుడు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయమే.

సంఘం పెరుగుతోందంటే ఉండిపోవాలనీ కాదు, పని అయిపోయిందనీ కాదు. సమరయలో ఫిలిప్పు సువార్త విని పట్టణమంతా ఆనందంగా ఉన్నప్పుడే అతణ్ణి గాజా వెళ్ళే ఎడారి దారికి పంపాడు దేవుడు. పౌలు ఎఫెసులో మూడేళ్ళు ఉన్నాడు. కాబట్టి లెక్క ఏళ్ళలోనూ లేదు, కుర్చీల్లోనూ లేదు.

మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఈ తలనొప్పి కొంచెం తక్కువ. ట్రాన్స్‌ఫర్ కాగితం వస్తుంది, పెట్టెలు సర్దుకోవాలి. మీ స్వతంత్ర సంఘాల్లో ఆ కాగితం కాపరే తనకు తాను రాసుకోవాలి. అందుకే చాలామంది రాయరు.

అయితే కాగితం వచ్చినా కదలని పాస్టరు కూడా ఉంటాడు. నేనే. గుడి కట్టడం సగంలో ఉందని, పెద్దల చేత అర్జీ పెట్టించి నా ట్రాన్స్‌ఫర్ ఆపించుకున్నాను. మూడేళ్ళు ఉన్నాను. ప్రతిష్ఠ జరిగింది, శిలాఫలకం మీద నా పేరు పడింది. ఆ మూడేళ్ళలో వాక్యం బాగా చెప్పగలిగిన ఇద్దరు యువకులు వేరే సంఘాలకు వెళ్ళిపోయారు. ఒకడు వెళ్ళేటప్పుడు, "మీరుండగా మాకు పనేముంది అయ్యగారూ" అన్నాడు. అప్పుడు అది పొగడ్త అనుకున్నాను, చూడు.

నువ్వు చేయవలసింది చెబుతాను. నెల రోజులు తిరుపతి వదిలి వెళ్ళు. ఫోన్ అమ్మాయికి ఇచ్చెయ్యి. వాక్యం ఎవరు చెప్పారు, కానుకల లెక్క ఎవరు చూశారు, రాత్రి రెండింటికి రుయా ఆసుపత్రిలో ఒకరి ప్రాణం పోతుంటే ఎవరు పరిగెత్తారు, తిరిగొచ్చాక అడుగు. అన్నీ నీ కోసం ఆగి ఉంటే నువ్వింకా వెళ్ళకూడదు. అలాగని ఊరికే ఉండిపోకూడదు కూడా, మనుషుల్ని తయారు చెయ్యాలి. పని సాఫీగా జరిగి ఉండి, అది విని నీ మనసు చివుక్కుమంటే మాత్రం జాగ్రత్త. నన్ను మూడేళ్ళు కదలనివ్వనిది ఆ చివుక్కే.

నీకొచ్చిన బెంగళూరు తెలుగు సంఘం పిలుపు గురించి ఒకటే ప్రశ్న. అదే పని సత్యవేడు వైపు ఏదో పల్లెలో, సగం జీతానికి ఉంటే వెళ్తావా? జవాబు నాకు రాయనక్కర్లేదు.

అసలు చిక్కు స్థలంలో ఉంది. కరకంబాడి రోడ్డులోని సంఘం స్థలం నీ పేరు మీద రిజిస్టరై ఉందన్నావు. అప్పట్లో సంఘానికి రిజిస్టరైన సొసైటీ లేదు, వేరే దారి లేదు, నాకు తెలుసు. కానీ అది సంఘం పేరుకు మారకుండా నువ్వు ఒక్క అడుగు వేసినా, నీ తర్వాత వచ్చేవాడు నీ ఇంట్లో అద్దెకున్నట్టే. మంచి లాయరును, ఆడిటరును కలువు. బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్పించు. కట్టడానికి విశ్వాసులు ఇచ్చిన చేబదుళ్ళు ఒక పుస్తకంలో రాసి పెద్దలకు చూపించు. నోటి లెక్కలు వద్దు. ఎంత ప్రార్థనాపరులైనా డబ్బు దగ్గర మాట మారుతుంది, నాదైనా సరే.

మరదలికి ముందు చెప్పు. సగం నిర్ణయించుకుని కాదు, ఏమీ నిర్ణయించుకోకముందే. అమ్మాయి పదో తరగతి అయ్యేదాకా ఆగమని ఆమె అంటే ఆగు. తర్వాత నోరు జారని ఇద్దరు పెద్దలకు చెప్పు. సంఘానికి చివర్లో, రెండు మూడు నెలల ముందు చాలు. ఏడుస్తారు. మిలేతులో ఎఫెసు పెద్దలు పౌలు మెడ మీద పడి ఏడ్చారు కదా, అయినా ఓడ ఆగలేదు.

వెళ్ళాక ఏడాది పాటు పెళ్ళిళ్ళకు కూడా రాకు. వాట్సాప్ గ్రూపులోంచి నీ అంతట నువ్వే బయటికి వచ్చెయ్యి. కొత్త అయ్యగారి మీద ఫిర్యాదుతో ఫోన్ చేస్తే, "ఆయన్నే అడగండి" అని పెట్టెయ్యి. కష్టంగానే ఉంటుంది. నేను రెండుసార్లు పెట్టలేక విన్నాను, రెండుసార్లూ గొడవ పెద్దదైంది.

తోతాపురి కాయలు అయిపోకముందే ఒక ఆదివారం చిత్తూరు రా. దస్తావేజు జిరాక్స్ తెచ్చుకో. వచ్చే ముందు, ఆ రోజు అక్కడ వాక్యం ఎవరు చెబుతున్నారో నాకు రాయి.

మీ అన్నయ్య,
చిత్తూరు