‘కోర్టు నాకే ఇచ్చింది’ అంటున్న అన్నయ్య

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాన్నగారు 2016 మార్చిలో వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. అన్నయ్య, అక్క, నేను ముగ్గురం. నాన్నగారి స్వార్జితం నాలుగు షాపు గదులు, 300 గజాల స్థలం, కొన్ని డిపాజిట్లు, షేర్లు. బ్యాంకు పనికని చెప్పి అన్నయ్య మా ఇద్దరి చేతా అభ్యంతరం లేదన్న అఫిడవిట్లు నోటరీ చేయించి, 2017 ఫిబ్రవరిలో జిల్లా కోర్టులో లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తీసుకున్నాడు. ఇంతవరకు అద్దెల్లో పైసా ఇవ్వలేదు. 2024 సంక్రాంతికి వెళ్తే మా స్థలం చుట్టూ ఎవరో ప్రహరీ కట్టేశారు. ఫొటో తీసి అప్పుడే అక్కకి వాట్సాప్‌లో పంపాను. అడిగితే ‘కోర్టు నాకే ఇచ్చింది’ అంటున్నాడు. అఫిడవిట్ మీద సంతకం నాది కాదని కేసు వేస్తే మొత్తం రద్దవుతుందని తెలిసినాయన చెబుతున్నారు. వేయమంటారా?

జవాబు: వేయొద్దు.

పైన అచ్చయింది సారాంశమే. మీ ఉత్తరం తొమ్మిది పేజీలు. అన్నయ్య చదువుకి నాన్నగారు ఎంత ఖర్చుపెట్టారో, గృహప్రవేశంలో వదినగారు ఏమన్నారో అన్నీ రాశారు. ఓ.పీ. నంబరు, అంటే అన్నయ్య జిల్లా కోర్టులో వేసిన పిటిషన్ నంబరు, ఒక్కటి రాయలేదు. మీ కేసంతా ఆ నంబరున్న ఫైల్లో ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ ఫైలు తెప్పించి చూశారా?

లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అంటే పట్టా కాదమ్మా. పోయినాయన ఆస్తి పోగుచేసి, అప్పులు తీర్చి, మిగిలింది వారసులకు పంచమని కోర్టు అప్పగించిన పని. ఆ కాగితం మీ మూడో వంతును తీసేయలేదు. హిందువులకు ఇది తప్పనిసరి కూడా కాదు, డిపాజిట్లకీ షేర్లకీ సక్సెషన్ సర్టిఫికెట్ సరిపోయేది. మీ అన్నయ్య పెద్దదే తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక దాని బరువూ మోయాలి.

భారత వారసత్వ చట్టం 1925, సెక్షన్ 317 ప్రకారం ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లో ఆస్తులు, రావలసినవి, అప్పులు అన్నీ చూపే జాబితా కోర్టులో వేయాలి. ఏడాదిలోగా ఏం చేతికొచ్చింది, దేనికి ఖర్చయింది అన్న లెక్క వేయాలి. అంటే 2017 ఆగస్టుకి జాబితా, 2018 ఫిబ్రవరికి లెక్క. వేశారా లేదా అన్నదే అసలు ప్రశ్న. స్థలం సంగతి ఇంకా గట్టిది. సెక్షన్ 307 కింద, చనిపోయింది హిందువైతే, అడ్మినిస్ట్రేటర్ (ఆ పని అప్పగించుకున్న మనిషి, ఇక్కడ మీ అన్నయ్య) ఆ కోర్టు అనుమతి ముందుగా తీసుకోకుండా స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఐదేళ్ళకు మించి లీజుకివ్వకూడదు. అమ్మితే ఆ అమ్మకం దానంతటదే చెల్లకుండా పోదు. హక్కున్నవాళ్ళు వెళ్ళి అడిగితేనే కోర్టు కొట్టేస్తుంది. అనుమతి తీసుకునే అమ్మి ఉంటే స్థలం మీద ఆశ వదులుకోండి, వచ్చిన డబ్బులో వాటా అడగండి.

ఇక మీ తెలిసినాయన సలహా. సంతకం మీరే పెట్టానని నాకు రాసి, కోర్టులో నాది కాదంటారా? నోటరీ రిజిస్టరుంది, పక్కనే సంతకం పెట్టిన అక్క ఉంది. కేసు అద్దెల మీద నుంచి మీ సంతకం మీదికి మళ్ళుతుంది, ఆ ఒక్కటి ఓడితే మిగతాది ఎవరూ నమ్మరు. లెక్క అడిగినప్పుడు అన్నయ్య అబద్ధపు లెక్క వేస్తే ఏ నేరమవుతుందో, అబద్ధపు అఫిడవిట్ వేస్తే మీకూ అదే నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229, ఏడేళ్ళ దాకా జైలు. అసలు ఆ సంతకం వల్ల మీకు నష్టం లేదు. ఆస్తి చూసుకోమన్నారు గాని, తీసుకోమనలేదు కదా!

గడువు సంగతి చూడండి. అడ్మినిస్ట్రేటర్ దగ్గర వాటా రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 106 కింద పన్నెండేళ్ళు. ఎప్పటినుంచి అన్న వాదన పెట్టుకోకుండా నాన్నగారు పోయిన రోజు నుంచే లెక్కేసుకోండి, 2028 మార్చి. అది చూసి నిమ్మళంగా ఉండకండి. స్థలం అమ్మకాన్ని కొట్టేయమని అడగడానికి తెలిసినప్పటి నుంచి మూడేళ్ళే. మీకు ఎప్పుడు తెలిసిందో మీ వాట్సాప్ ఫొటోయే చెబుతోంది. డిలీట్ చేసినా అక్క ఫోన్లో ఉంటుంది. అంటే 2027 సంక్రాంతి లోపు దావా పడాలి. అవతలి లాయరు మీకు ఇంకా ముందే తెలుసంటాడు కాబట్టి ఈ నెలలోనే కదలండి.

జిల్లా కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి పిటిషన్, ఆస్తుల షెడ్యూలు, ఉత్తర్వు, అన్నయ్య కోర్టుకిచ్చిన పూచీ బాండు, ఫైల్లో ఉంటే జాబితా, లెక్క సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. బాండు మీద జామీను ఎవరో చూడండి. ఆయన మీద కూడా దావాకి వెళ్ళే దారి చట్టంలో ఉంది. ఒక్కోసారి చూస్తే అడగొచ్చినావిడ భర్తే జామీనై ఉంటాడు! స్థలానికి 2016 నుంచి ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రం), సేల్ డీడు కాపీ తెప్పించండి. అందులో అన్నయ్య ఏ హోదాలో అమ్మారు, కోర్టు అనుమతి ప్రస్తావన ఉందా అన్నవి చూడాలి.

మీరు పంపిన అద్దెల నోటుబుక్కు పేజీ బాగుంది. ‘మెడికల్ షాపు 9,500, టైలరు 4,000’ అని నాన్నగారి చేతి రాత. జిరాక్సు కాదు, అసలు పుస్తకం భద్రం చేయండి. పాత కిరాయిదార్లలో ఎవరు సాక్ష్యానికి వస్తారో ఇప్పుడే కనుక్కోండి.

తర్వాత అదే ఓ.పీ.లో 317 కింద లెక్కలు వేయించమని పిటిషన్. విడిగా వాటా, లెక్కలు, అమ్మకం నా వాటాకి చెల్లదన్న ప్రకటన కోరుతూ ఒకే దావా. స్థలం కొన్నాయన్నీ అక్కనీ పార్టీలుగా చేర్చాలి. షాపు గదులు అమ్మకుండా ఇంజంక్షన్, అద్దెలు కోర్టులో జమ చేయించమని మధ్యంతర పిటిషన్లు వేయించండి. ఉత్తర్వునే రద్దు చేయమని సెక్షన్ 263 కింద అడగొచ్చు గానీ మొదట అక్కడికి పోవద్దంటాను. దాంతో అడ్మినిస్ట్రేటర్ మారతాడు, డబ్బు రాదు.

అన్నయ్య అంత్యక్రియల ఖర్చు, ఆసుపత్రి బిల్లు, ఆస్తి పన్ను రసీదులు చూపిస్తారు. న్యాయమైనవి మినహాయించాల్సిందే, వాటి మీద పోట్లాడకండి.

ఓ.పీ. నంబరు తెలియదంటారేమో. డిపాజిట్లు తీసుకున్న బ్యాంకుకిచ్చిన ఉత్తర్వు కాపీ మీద ఉంటుంది. లేదా ఈ-కోర్ట్స్ సైటులో అన్నయ్య పేరు, సంవత్సరం కొట్టి వెతకండి.