ఎంజైమ్‌ల మీద ఎమ్మెస్సీ, పేటెంటు, ఎనభై వేల కోర్సు: పరకాల నుంచి ఒక తండ్రి అడిగినవి

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ గ్రూపుతో ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టులో భాగంగా రైస్ మిల్లు వెనక మట్టి నుంచి గంజిని విరగ్గొట్టే అమైలేజ్ ఎంజైమ్ బాగా ఇచ్చే బ్యాక్టీరియాను వేరు చేసింది. ఎమ్మెస్సీ చేసి రీకాంబినెంట్ ప్రొటీన్లు (ఒక జీవి జన్యువును వేరే కణంలో పెట్టి తీయించే ప్రొటీన్లు), ఎంజైమ్‌ల మీదే ముందుకు పోతానంటోంది. హైదరాబాద్‌లో మూడు నెలల ట్రైనింగుకు ఎనభై వేలు అడుగుతున్నారు. చుట్టాలేమో బీఎడ్ చేయించమంటున్నారు. ఆ బ్యాక్టీరియాకు పేటెంటు తీయొచ్చని తెలిసినాయన ఒకరు అన్నారు. లెక్చరర్ మాత్రం వచ్చే నెల సెమినార్‌లో పోస్టర్ పెట్టమంటున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ముందు పోస్టర్ సంగతి తేల్చుకుందాం, మిగతావాటికి టైముంది.

మట్టిలో దొరికిన బ్యాక్టీరియాకు దొరికినది దొరికినట్టుగా మన దేశంలో పేటెంటు రాదు. పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 3(సి) ప్రకారం ప్రకృతిలో ఉన్న జీవినో పదార్థాన్నో బయటపెట్టినంత మాత్రాన అది ఆవిష్కరణ కాదు. ఆ బ్యాక్టీరియా ఇచ్చే అమైలేజ్‌ను శుద్ధి చేసి సీసాలో పోసినా పెద్దగా తేడా ఉండదు. అమైలేజ్ జన్యువును బయటికి తీసి, అందులో మార్పులు చేసి, ఆ మార్పు వల్ల ఎంజైమ్ పనితీరు మెరుగైందని అంకెలతో చూపిస్తే అప్పుడు అడగడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ జన్యువు పెట్టిన కొత్త హోస్ట్ కణం, ఉత్పత్తి పద్ధతి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. అప్పుడు కూడా సెక్షన్ 3(డి) ఎదురవుతుంది. తెలిసిన ఎంజైమ్‌కు ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి కొత్తదంటే ఒప్పుకోరు. పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే పీహెచ్‌లో పక్కపక్కన పరీక్షించిన పట్టిక కావాలి.

ఎంత మెరుగైతే లెక్కలోకి వస్తుందో చూడండి. మొక్కజొన్న పిండి నుంచి గ్లూకోజ్ సిరప్ తీసే ఫ్యాక్టరీలో పిండి ముద్దను సుమారు 105 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉడికిస్తారు. తర్వాత 95 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచుతారు. ఈ వేడికి తట్టుకునే బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అమైలేజ్ దశాబ్దాలుగా మార్కెట్లో ఉంది. మీ అమ్మాయి ప్లేటు మీద అయోడిన్ పోసినప్పుడు కాలనీ చుట్టూ తెల్లటి వలయం కనిపించి ఉంటుంది. ఆ బ్యాక్టీరియా అమైలేజ్‌ను బయటికి వదులుతోందని అది చెబుతుంది, అంతే. ఎంత వేడికి ఆగుతుంది, కాల్షియం లేకుండా పనిచేస్తుందా, గంట తర్వాత ఎంత శక్తి మిగిలింది, ఇవేవీ ఆ వలయంలో కనిపించవు.

ఇక పోస్టర్‌కూ పేటెంటుకూ ఉన్న లంకె. దరఖాస్తు వేయకముందే నలుగురికీ చూపించింది మామూలుగా కొత్తది కాకుండా పోతుంది. చట్టంలో చిన్న మినహాయింపు ఉంది గానీ, కాలేజీ సెమినార్ దాని కిందికి వస్తుందని నమ్ముకోవద్దు. రీకాంబినెంట్ డీఎన్‌ఏ పద్ధతికి మూలమైన కోహెన్, బోయర్ల పేటెంటుకే ఈ దెబ్బ తగిలింది. వాళ్ల పేపర్ 1973 నవంబర్‌లో అచ్చయింది, దరఖాస్తు 1974 నవంబర్‌లో వేశారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది కాబట్టి అక్కడ హక్కు దక్కింది, 1980లో పేటెంటు చేతికొచ్చింది. మిగతా దేశాల్లో మాత్రం పోయింది.

ఖర్చు సంగతి. విద్యార్థి సొంత పేరుతో ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. దరఖాస్తును పరిశీలించమని కోరడానికి మరో 4,000. అసలు బరువు దరఖాస్తు రాసిపెట్టే పేటెంటు ఏజెంటు ఫీజుది. వివరణతో మాత్రమే చెప్పడం కుదరని, బయట దొరకని బ్యాక్టీరియా అయితే చండీగఢ్‌లోనో పుణెలోనో ఉన్న గుర్తింపు పొందిన సేకరణ కేంద్రంలో డిపాజిట్ చేయాలి. ఇక్కడి మట్టిలోది కాబట్టి జీవవైవిధ్య చట్టం, 2002 కింద జాతీయ జీవవైవిధ్య సంస్థ దగ్గర లాంఛనాలు కూడా ఉంటాయి. ఇదంతా బీఎస్సీ ప్రాజెక్టు కోసం చేయమని నేను చెప్పను. అమైలేజ్ మీద ఇప్పటికే లెక్కలేనన్ని పేటెంట్లున్నాయి. పోస్టర్ నిశ్చింతగా పెట్టమనండి. ఒకవేళ జన్యువు సీక్వెన్స్ చేయించి, మార్పులు చేసి, మంచి ఫలితం వచ్చి ఉంటే ఆ భాగం ఒక్కటి పోస్టర్లోకి ఎక్కించకుండా గైడ్‌తో మాట్లాడమనండి.

ఎనభై వేల ట్రైనింగ్ వద్దు. మూడు నెలల్లో బ్యాచికి ఇరవై ముప్పై మంది ఉంటే ఒక్కొక్కరి చేతికి పిపెట్ వచ్చేది కొద్దిసేపే. జెల్ ఒకరు పోస్తే మిగిలినవాళ్లు చూస్తారు. కంపెనీలో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, సర్టిఫికెట్ పక్కన పెట్టి ప్రయోగం గురించే అడుగుతారు. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటే కోర్సుకు వెయ్యి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ఆన్‌లైన్‌లో ఇచ్చే డీఎల్-101 అనే మేధోసంపత్తి ప్రాథమిక కోర్సు కూడా ఉచితమే. ఆ డబ్బు దాచి ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్‌కు ఉంచండి. బయటి ల్యాబ్‌లో ప్రాజెక్టు దొరికితే ఆరు నెలల హాస్టలు, భోజనం ఖర్చు ఇందులోంచే పోతుంది. ఈ రంగంలో ఎవరు నిలబడతారన్నది నా దృష్టిలో ఆ ఆరు నెలలే తేలుస్తాయి.

అక్కడ ఏం నేర్చుకోవాలో కొంచెం విడమరిచి చెప్తాను, ఇది అమ్మాయికి చదివి వినిపించండి. తన అమైలేజ్ జన్యువునే పెట్ రకం వెక్టార్‌లో (జన్యువును మోసే డీఎన్‌ఏ వలయం, ఇది ప్లాస్మిడ్) పెట్టి ఈ. కోలి బ్యాక్టీరియాలో ప్రొటీన్ తీయాలనుకుందాం. మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది: ప్లాస్మిడ్ పెంచుకునే డీహెచ్5 ఆల్ఫా కణాల్లోనే ప్రొటీన్ కోసం చూస్తారు. అందులో ఆ జన్యువును చదివే టీ7 పాలిమరేజ్ ఉండదు కాబట్టి ఎన్ని గంటలు ఊపినా ఏమీ రాదు. అది ఉన్న బీఎల్21(డీఈ3) కణాలు కావాలి. కల్చర్ సాంద్రత 600 నానోమీటర్ల దగ్గర 0.6 నుంచి 0.8కి రాగానే జన్యువును మేల్కొలిపే ఐపీటీజీ రసాయనం వేస్తారు. 37 డిగ్రీల్లో 1 మిల్లీమోలార్ వేస్తే మూడు నాలుగు గంటల్లో జెల్ మీద 55 కిలోడాల్టన్ల దగ్గర లావుపాటి బ్యాండ్ వస్తుంది, పిల్లలు సంబరపడతారు. కణాలు పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక చూస్తే ప్రొటీన్ అంతా అడుగున గడ్డలో ఉంటుంది, పైనీళ్లలో ఏమీ ఉండదు. మడత పడే తీరిక లేక ముద్దలుగా పేరుకుపోయింది. ఉష్ణోగ్రతను 18కి, ఐపీటీజీని 0.1కి తగ్గించి రాత్రంతా నడిపితే చాలాసార్లు కొంతైనా కరిగిన రూపంలో వస్తుంది. అందుకే జెల్‌లో పైనీళ్లూ అడుగు గడ్డా పక్కపక్కన ఎక్కించాలి. పైనీళ్లు మాత్రమే ఎక్కించినవాళ్లు ప్రొటీన్ రాలేదని రాసేస్తారు.

తర్వాత ప్రొటీన్‌ను శుద్ధి చేసే నికెల్ కాలమ్. నికెల్‌కు అతుక్కునే హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న ప్రొటీన్‌ను 10 నుంచి 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ ఉన్న బఫర్‌లో ఎక్కించి, కడిగి, 250 దగ్గర దించుతారు. ప్రొటీన్లను కోసే ప్రొటీయేజ్‌లు తినేస్తాయన్న భయంతో బఫర్‌లో ఈడీటీఏ వేశారో, కాలమ్ మీది నికెల్‌ను అది లాక్కుంటుంది, నీలం రంగు తెల్లబోతుంది. అమైలేజ్‌కైతే ఇంకో నష్టం కూడా ఉంది: ఈ ఎంజైమ్ ఆకారం నిలబడడానికి కాల్షియం కావాలి, ఈడీటీఏ దాన్నీ పట్టుకుపోతుంది. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం కలిపితే అవక్షేపంగా దిగుతుంది, కాబట్టి ట్రిస్ వాడుకోవడం నయం. చివర్లో డీఎన్‌ఎస్ పద్ధతిలో (గంజి విరిగి వచ్చిన చక్కెరను రంగుతో కొలవడం) శక్తి కొలిచేటప్పుడు ఎంజైమ్ లేని గంజి బ్లాంకూ, గంజి లేని ఎంజైమ్ బ్లాంకూ రెండూ (పోల్చుకునే నమూనాలు) పెట్టాలి. ఒకటి ఎగ్గొట్టినా 540 నానోమీటర్ల దగ్గర వచ్చిన అంకె నమ్మదగింది కాదు. మీ అమ్మాయి ఇలాంటి ఒక్క వైఫల్యాన్ని కారణంతో సహా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అవతలివాళ్లు నిటారుగా కూర్చుంటారు.

ఈ. కోలితో ఆగొద్దు, హైదరాబాద్ టీకా కంపెనీల దారిలో పోవాలనుకుంటే పీచియా ఈస్ట్ కూడా తెలిసుండాలి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈ ఈస్ట్‌లో చేసిందే. బయొలాజికల్ ఈ కంపెనీ వాళ్ల కోవిడ్ టీకా కార్బెవాక్స్‌లోని ప్రొటీన్ కూడా అంతే. దానికి 2021 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది. పీచియాను ముందు గ్లిసరాల్ మీద పెంచి, తర్వాత మెథనాల్ ఇచ్చి ప్రొటీన్ తీయిస్తారు. ఫ్లాస్క్‌లోనైతే రోజుకోసారి 0.5 శాతం మెథనాల్. గ్లిసరాల్ కొంచెం మిగిలి ఉన్నా జన్యువు మేల్కోదు. ఫెర్మెంటర్‌లోనైతే మెథనాల్ ఎక్కువై పేరుకుంటే కణాలు చచ్చిపోతాయి, తక్కువైతే ఆకలితో ఉంటాయి. ఫీడ్ కాసేపు ఆపి, కరిగిన ఆక్సిజన్ చటుక్కున పైకి లేస్తోందా అని చూస్తారు. లేస్తే మెథనాల్ అయిపోయినట్టు. షిఫ్టులో ఉండే అమ్మాయి చేసే పని ఇదే.

ఎమ్మెస్సీకి రెండు దారులు. కాకతీయ, ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ప్రవేశ పరీక్ష. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతున్న సీట్లకు గ్యాట్-బి పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ బయోటెక్నాలజీ సీట్లు దీంతోనే. గ్యాట్-బి మొత్తం 240 మార్కులు. మొదటి భాగంలో ఇంటర్ స్థాయి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నుంచి 60 ప్రశ్నలు, ఒక్కో మార్కు, తప్పుకు అర మార్కు కోత. రెండో భాగంలో 100 ఇస్తే 60 రాయాలి, ఒక్కోదానికి 3, తప్పుకు 1 కోత. బైపీసీ పిల్లలు మ్యాథ్స్ చూసి దరఖాస్తే వేయరు. నాలుగు సబ్జెక్టులూ కలిపినా ఆ భాగం 60 మార్కులే కదా, మ్యాథ్స్ వదిలేసినా రెండో భాగంతో నెట్టుకురావచ్చు. రెండు పరీక్షలూ రాయించండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుల కన్నా ఒక్క ప్రశ్న అడగండి: ఆఖరి సెమిస్టర్ మొత్తం ప్రాజెక్టుకు వదులుతారా, బయటి ల్యాబ్‌కు పంపుతారా? పోయిన ఏడాది విద్యార్థులు ఎక్కడెక్కడ చేశారో పేర్లు చెప్పలేని డిపార్ట్‌మెంటైతే ఆలోచించాల్సిందే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ లాంటి చోట్ల ప్రాజెక్టు సీట్లు తక్కువ, మూడో సెమిస్టర్‌లోనే మెయిళ్లు పెట్టడం మొదలెట్టాలి.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్తాను. మొదటి జీతం పెద్దగా ఉండదు, హాస్టల్ పోగా ఇంటికి పంపేంత మిగలకపోవచ్చు. ప్రొడక్షన్‌లో షిఫ్టులు తప్పవు. బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట, తుర్కపల్లి వైపు కరీంనగర్ రోడ్డు మీద ఉంది, పరకాల నుంచి రోజూ పోయిరావడం కుదరదు. రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు ఉందా, ఎక్కడివరకు దింపుతుందన్నది చేరకముందే అడగండి. క్వాలిటీ కంట్రోల్‌లో షిఫ్టుల బాధ కొంత తక్కువ, హెచ్‌పీఎల్‌సీ, ఎలైసా లాంటి పరీక్షా పద్ధతులు తెలిసినవాళ్లకు కంపెనీ మారడం కూడా తేలిక. టీకాలు, ఇన్సులిన్‌లే కాదు, బట్టల మిల్లులో గంజి తీయడానికి అమైలేజ్, నూలు నునుపు చేయడానికి సెల్యులేజ్, కోళ్ల దాణాలో ఫైటేజ్ అమ్మే ఎంజైమ్ కంపెనీలు కూడా ఉన్నాయి. వాటిలో టెక్నికల్ సర్వీసుకు మన వైపు పిల్లలు వెళ్లడమే తక్కువ. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పక్కనే ఉన్న ఊళ్లవాళ్లకు ఇది గుర్తుండాలి.

అమ్మాయికి చదవడం, రాయడం ఇష్టమైతే పేటెంటు పని కూడా ఒక ఉద్యోగమే. ఏజెంటు పరీక్షకు సైన్స్ డిగ్రీ, 21 ఏళ్లు నిండటం చాలు. వందేసి మార్కుల పేపర్లు రెండు, వైవా 50. ఒక్కో పేపర్‌లో 50, మొత్తమ్మీద 60 శాతం రావాలి. ఏటా తప్పకుండా జరుగుతుందన్న హామీ లేదు. బయోటెక్ వైపు ఎమ్మెస్సీ లేకుండా తీసుకునే సంస్థలు అరుదు, ఎంజైమ్ సీక్వెన్సులు పోల్చి చదవాలి కదా. ఇప్పటినుంచే పేటెంట్లు వెతికే లెన్స్ వెబ్‌సైట్‌లోనో భారత పేటెంట్ల వెబ్‌సైట్‌లోనో తన అమైలేజ్ మీద ఎన్ని దరఖాస్తులున్నాయో వెతకమనండి, పైసా ఖర్చు లేదు.

బీఎడ్ తప్పేం కాదు, అదీ రెండేళ్లే. ఆ తర్వాత టెట్, డీఎస్సీ. డీఎస్సీలో బయాలజీ పోస్టుకు డిగ్రీలో ఏ సబ్జెక్టులుండాలో నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. మీ అమ్మాయి గ్రూపులో బోటనీ, జువాలజీ లేవు. గత నోటిఫికేషన్ దగ్గర పెట్టుకుని ఆ అర్హత పేరాను మెమోతో పోల్చి చూశాకే చుట్టాలకు జవాబివ్వండి.