మెడల్ కంటే ముందు ఎంట్రీ అడుగు

తమ్ముడికి,

నీ ఉత్తరమూ, దాంతో పంపిన డిశ్చార్జ్ బుక్ జిరాక్సులూ అందాయి. అబ్బాయి వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలు సగం మసకగా ఉన్నాయి గానీ జిరాక్సులు బాగున్నాయి, ప్రతి పేజీ చదివాను. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో పనిచేసినా, ఆ యుద్ధానికిచ్చిన ఆపరేషన్ విజయ్ స్టార్ అనే పతకం బుక్‌లో ఎక్కలేదని రెండు పేజీలు రాశావు. మరదలి పేరు పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందని చివర్లో ఒక్క ముక్క రాశావు. నన్నడిగితే నీ ఉత్తరం తలకిందులుగా ఉంది. ముందు మరదలి పేరు సంగతి తేల్చు, స్టార్ తర్వాత.

నువ్వు బతికుండగా ఆ పేరు మార్చడానికి నీ సంతకం, నీ అఫిడవిట్ చాలు. నువ్వు లేని రోజున, ఆ పేరుగల మనిషిని నేనేనని ఆవిడ రుజువు చేసుకోవాలి. ఫ్యామిలీ పెన్షన్ కోసం బ్యాంకుకీ, సైనిక సంక్షేమ కార్యాలయానికీ మధ్య తిరిగే ఆడవాళ్ళని నేను సర్వీసులో ఉన్నంతకాలం చూశాను. అందులో ఎక్కువమంది మనవాళ్ళే. మన పేర్లతో వచ్చిన చిక్కు అది. ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు తర్వాత. పేరు రికార్డులో ఎక్కించిన రోజున ఎక్కడివాడో ఒక క్లర్క్ విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. లక్ష్మిలో కె, ఎస్, హెచ్ ఉండాల్సిన చోట ఎక్స్ పడింది, ముందున్న వెంకట ఎగిరిపోయింది. నీ పీపీఓలో జరిగింది సరిగ్గా ఇదే. పైగా ఆధార్‌లో మీ ఇంటిపేరు ఉంది, రికార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంది.

దానికి నోటరీ అఫిడవిట్ చేయించు. రెండు పేర్లూ ఒకే మనిషివని, ఏది సరైనదో అందులో స్పష్టంగా ఉండాలి. ఆధార్, పాన్, పెళ్ళి సర్టిఫికెట్ లేకపోతే పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రం, మీ జాయింట్ అకౌంట్ పాస్‌బుక్ మొదటి పేజీ జతచెయ్యి. అన్నిటిలో స్పెల్లింగ్ అక్షరం తేడా లేకుండా ఉందా లేదా ముందే చూసుకో. ఆధార్‌లోనే తప్పుంటే ముందు అది దిద్దించు, లేకపోతే పాత తప్పు పోయి కొత్త తప్పు వచ్చి కూర్చుంటుంది. పేపర్ ప్రకటన కావాలంటారేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కో. అర్జీ వాళ్ళ ద్వారా పంపితే కవరింగ్ లెటర్ కూడా వాళ్ళే పెడతారు. రికార్డ్ ఆఫీసు ఆ మార్పుని నమోదు చేస్తూ పార్ట్ టూ ఆర్డర్ వేస్తుంది, దాన్ని బట్టి ప్రయాగ్‌రాజ్‌లోని సైనిక పెన్షన్ల ఆఫీసు, పీసీడీఏ పెన్షన్స్ వాళ్ళు పీపీఓ సవరిస్తారు. స్పర్శ్ అనే పెన్షన్ వెబ్‌సైట్‌లో మీ వివరాలు మారాయో లేదో అబ్బాయిచేత చూపించుకో. అక్కడ మారేదాకా పని అయినట్టు కాదు.

ఇక స్టార్ సంగతి. నువ్వు కార్గిల్‌లో ఉన్నావన్నది నీకు తెలుసు, నాకు తెలుసు. బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్ ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం నీ సర్వీసు వివరాలన్నీ రాసే షీట్ రోల్‌లో ఉన్నంతవరకే తెలుసు. జవాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలినా, పెళ్ళైనా, కోర్సు పాసైనా యూనిట్ ఒక పార్ట్ టూ ఆర్డర్ వేసి రికార్డ్ ఆఫీసుకి పంపుతుంది. అది షీట్ రోల్‌లో ఎక్కుతుంది. మెడల్ క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్ళు చూసేది ఆ ఎంట్రీనే. నీ విషయంలో నువ్వు సొంత యూనిట్‌తో వెళ్ళలేదు, వేరే యూనిట్‌కి అటాచ్‌మెంట్ మీద, అంటే తాత్కాలికంగా వెళ్ళావు. అటాచ్‌మెంట్ ఎంట్రీలు ఎక్కువగా పోయేది అక్కడే. పంపిన యూనిట్ తీసుకున్నవాళ్ళు వేస్తారనుకుంటుంది, తీసుకున్న యూనిట్ పంపినవాళ్ళు వేస్తారనుకుంటుంది. యుద్ధం రోజుల్లో ఎవరి టెన్షన్ వాళ్ళది. నామినల్ రోల్, అంటే పేర్ల జాబితా రాసేటప్పటికి నువ్వు వెనక్కి వచ్చేశావు, ఆ యూనిట్ జాబితాలో నీ పేరు లేదు. నీ యూనిట్ జాబితాలోనూ లేదు, ఎందుకంటే ఆ యూనిట్ ద్రాస్ వెళ్ళలేదు.

అందుకే మెడల్ ఇవ్వండని రాయకు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా యూనిట్‌కి అటాచ్ అయ్యానని, ఆ ఎంట్రీ వెయ్యమని రాయి. ఎంట్రీ పడితే మెడల్ క్లెయిమ్ మామూలు పనే. ఎంట్రీ లేకుండా ఎన్ని అర్జీలు పెట్టినా "రికార్డుల ప్రకారం అర్హత లేదు" అన్న ఒకే జవాబు వస్తుంది.

అర్జీ రాసేముందు నీ షీట్ రోల్ కాపీ తెప్పించుకో. మామూలు అర్జీకి జవాబు రాకపోతే ఆర్టీఐ పెట్టు. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు. అందులో అంతా ఇవ్వమని అడగకు. నీ షీట్ రోల్, 1999 నాటి పార్ట్ టూ ఆర్డర్లు, అవార్డుల పేజీ, ఇవి చాలు. అప్పుడు నీ చేతిలో ఏముందో, వాళ్ళ చేతిలో ఏం లేదో తెలుస్తుంది.

రుజువుల విషయంలో నీ ఉత్తరంలో ఒక పొరపాటు ఉంది, అది చాలామంది చేసేదే. ఇంటికి రాసిన కవర్ల మీద 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు ముద్ర ఉంది కదా, అది చాలుతుందా అని అడిగావు. చాలదు. ఏపీఓ అడ్రస్ పెట్టేదే నువ్వు ఎక్కడున్నావో తెలియకుండా ఉండడానికి. కవర్లు మరదలికి తిరిగి ఇచ్చెయ్యి, జాగ్రత్తగా దాచుకుంటుంది.

పనికొచ్చేవి చెబుతా. నిన్ను అక్కడికి పంపిన మూవ్‌మెంట్ ఆర్డర్ ఉంటే అంతకంటే గట్టి కాగితం లేదు. ఆ సంవత్సరం లీవ్ సర్టిఫికెట్ ఉంటే దాని మీద సంతకం ఏ యూనిట్ వాళ్ళదో చూడు. ఇంకోటి నీకు తట్టి ఉండదు, జీతం. ఎత్తైన ప్రాంతంలో ఉన్నన్నాళ్ళూ దానికి తగ్గ అలవెన్సు పడుతుంది. అప్పట్లో మూడు నెలలకోసారి వచ్చిన పే స్టేట్‌మెంట్లలో 1999 నాటివి ఎక్కడైనా పెట్టెలో ఉంటే తీయి. లేకపోతే నీ రికార్డ్ ఆఫీసుతో పాటే ఉండే జీతాల లెక్కల ఆఫీసు, పీఏఓకి రాయి. మనిషి ఎక్కడున్నాడన్న దాని మీద మాటలు మారతాయి గానీ, డబ్బులు ఏ నెలలో ఎందుకు పడ్డాయన్నది మారదు. చలికి కాలివేళ్ళు దెబ్బతిని ఆస్పత్రికి పంపారని రాశావు కదా, అది శ్రీనగర్ 92 బేస్ హాస్పిటలే అయితే ఆ అడ్మిషన్ స్లిప్ బంగారం. దాని మీద తేదీ, పంపిన యూనిట్ రెండూ ఉంటాయి. తోటివాళ్ళ చేత అఫిడవిట్లు ఇప్పిస్తానన్నావు, ఇప్పించు, కానీ అవి కాగితాలకి తోడుగానే పనికొస్తాయి.

స్టార్ వేరు, మెడల్ వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకో. ఆపరేషన్ విజయ్ స్టార్ నిర్దేశించిన పోరాట ప్రాంతంలో ఉన్నవాళ్ళకి, ఆపరేషన్ విజయ్ మెడల్ ఇంకా విస్తృతమైన ప్రాంతంలో మోహరించినవాళ్ళకి. నీ బుక్‌లో రెండూ లేవు. 9 ఏళ్ళ సర్వీసు మెడల్, 20 ఏళ్ళది ఉన్నాయి, 1997 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నావు కాబట్టి స్వాతంత్ర్యం 50 ఏళ్ళ మెడల్ ఉంది. హై ఆల్టిట్యూడ్ మెడల్ లేదు. నువ్వు దాని ఊసే ఎత్తలేదు. ద్రాస్ 10,000 అడుగుల పైనే ఉంది, తర్వాత లేహ్‌లో కూడా చేశావు. అక్కడెంత కాలం ఉన్నావన్నది షరతు, ఆ తేదీలు షీట్ రోల్‌లో దొరుకుతాయి. లేహ్ పోస్టింగ్ నీ సొంత యూనిట్‌తోనే కాబట్టి ఆ ఎంట్రీ ఉండే ఉంటుంది. స్టార్ కంటే ముందే అది రావచ్చు.

అర్జీ మొదటి వరుసలోనే ఆర్మీ నంబర్, ర్యాంక్, పేరు, ట్రేడ్, డిశ్చార్జ్ తేదీ రాయి. నంబర్ చివర ఇంగ్లీషు అక్షరం వదలకు. ఆ అక్షరం నంబర్‌ని సరిచూసుకోవడానికే ఉంటుంది, అది తప్పితే నీ ఫైలు దొరకదు. నీ ఉత్తరంలో దాన్ని రాయలేదు, జిరాక్సులో చూసి తెలుసుకున్నాను. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. పేరు మార్పు ఒక సెక్షన్‌కి, మెడల్ ఇంకో సెక్షన్‌కి పోతాయి. రెండూ కలిపి రాస్తే కాగితం ఒక టేబుల్ మీదే ఆగిపోతుంది. దేశం కోసం ప్రాణాలకి తెగించాను, నాకు జరిగిన అన్యాయం లాంటి వాక్యాలు తీసెయ్యి. అవి అబద్ధమని కాదు. అది చదివే క్లర్క్ కూడా యూనిఫాం వేసుకున్నవాడే, వాడికి కావాల్సింది తేదీలు.

అసలు డిశ్చార్జ్ బుక్ అడిగేవరకూ పంపకు. అడిగితే ప్రతి పేజీ కలర్ జిరాక్స్ తీయించి, స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకో.

జవాబు ఆలస్యమైతే పాత అర్జీ తేదీ వేసి రిమైండర్ రాయి, కొత్త అర్జీ మొదలుపెట్టకు. మాజీ సైనికుల ర్యాలీ మీ దగ్గర్లో పెడితే తప్పకుండా వెళ్ళు. రికార్డ్ ఆఫీసుల వాళ్ళు స్టాల్ వేసుకుని కూర్చుంటారు, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పిన పని ఉత్తరంలో చెప్పిన దానికంటే త్వరగా కదులుతుంది. చివరికి సాయుధ దళాల ట్రైబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచ్. అక్కడికి వెళ్ళాలంటే నువ్వు అర్జీ పెట్టావని, వాళ్ళు కాదన్నారనో పట్టించుకోలేదనో కాగితం మీద ఉండాలి. గడువులు కూడా ఉంటాయి, అందుకే తిరస్కరణ ఉత్తరం వస్తే బీరువాలో పడెయ్యకుండా నాకు వెంటనే పంపు. ఇంత మెడల్ తెప్పిస్తాం, ఇంత ఖర్చవుతుంది అనే ఏజెంట్లని గడప తొక్కనివ్వకు. ఆపరేషన్ మెడల్స్‌కి డబ్బు రాదు, అలవెన్సు వచ్చేది శౌర్య పతకాలకి. డబ్బు రాని పనికి డబ్బు ఖర్చు పెట్టడమెందుకు?

పుట్టినతేదీ గురించి మీ బావమరిది ఎక్కిస్తున్నట్టున్నాడు. దాని జోలికి పోకు. భర్తీలో రాసిన తేదీని రిటైరయ్యాక మార్చరు. పైగా ఆ గొడవలో మిగతా అర్జీలు కూడా ఆగుతాయి.

మెడల్ వచ్చిన రోజున డబ్బా చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. ముందు మెడల్ తీసి అంచు చూడు. నంబర్, ర్యాంక్, పేరు అక్కడ చెక్కి ఉంటాయి, చిన్న అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకుని చూడు. తప్పుంటే అక్కడే చెప్పు. మెడల్ ఇంకా తయారై రాలేదని చెబితే గొడవపడకు, డిశ్చార్జ్ బుక్‌లో ఎంట్రీ వేసి ఏ ఉత్తర్వు ఆధారంగా వేశారో రాయించుకో. రిబ్బన్ కంటోన్మెంట్ టైలర్ దగ్గర కుట్టించుకోవచ్చు.

అఫిడవిట్ మాత్రం స్టాంపు పేపర్ కొనకముందే నాకు చదివి వినిపించు. ఆదివారం పొద్దున నేను ఇంట్లోనే ఉంటాను, ఫోన్ చెయ్యి. మరదలిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, తన పేరు ఎలా ఉండాలో తననే అడుగుదాం.

నీ అన్న,
రిటైర్డ్ సుబేదార్, క్లర్క్