ముప్పై ఒకటో స్థానం

ప్రశ్న: నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. వయసు 41, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు ఒకటి రెండుసార్లు అట్లాంటిక్ సిటీ వెళ్లి 400 డాలర్ల ప్రవేశ రుసుము ఉన్న పోకర్ టోర్నమెంట్లు ఆడుతుంటాను. గత ఏడాది 14 ఆడితే రెండింటిలోనే డబ్బు వచ్చింది, ఒకసారి 700, ఇంకొకసారి 1,150. నాలుగుసార్లు బహుమతికి ఐదు స్థానాల లోపు దూరంలో ఆగిపోయాను. కిందటి నెల 200 మంది ఆడిన పోటీలో 30 మందికి డబ్బు ఉండగా నేను 31వ వాడిగా లేచాను. ఎనిమిది బిగ్ బ్లైండ్ల (ప్రతి ఆటలో ఒకరు తప్పనిసరిగా కట్టే పెద్ద పందెం) చిప్స్ మిగిలి ఉండగా చేతికి రెండు రాజులు వచ్చాయి, ఆల్ ఇన్ అన్నాను, అంటే ఉన్నదంతా పందెం కాశాను. ఆసు, రాణి పట్టుకున్న ఆయన అంతే పందెం కట్టి కాల్ చేశారు, బల్ల మీద చివరి ముక్కగా ఆసు పడి ఆయనకు ఆసుల జత కుదిరింది. హాలంతా చప్పట్లు కొట్టింది. అవి ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఆ రాజులను పడేసి ఇంకొక్కరు పోయేదాకా కూర్చుంటే సరిపోయేది కదా అన్న ఆలోచన నిద్ర పట్టనివ్వడం లేదు. ఏడాదిలో ఎంత పోయిందో నా భార్యకు చెప్పలేదు. ఈ బాధ నుంచి ఎలా బయటపడాలి?

జవాబు: ముందుగా ఆ చప్పట్ల గురించి చెబుతాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు అవి విన్నాను, చాలాకాలం మనసులో పెట్టుకున్నాను. బహుమతికి ఒక్క స్థానం దూరంలో ఉన్నప్పుడు, ఎవరూ కావాలని ఆలస్యం చేయకుండా, ప్రతి బల్ల మీదా ఒక్క ఆట ముగిశాక మిగతా బల్లలన్నీ ముగిసేదాకా ఆగి, అందరూ కలిసి తరువాతి ఆట పంచుతారు. ఆ అరగంటో గంటో హాలులో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీసుకోరు. ఆ బిగువు తెగినప్పుడు మిగిలిన ముప్పై మందీ తాము గట్టెక్కామన్న ఊరటతో చప్పట్లు కొడతారు. లేచి వెళ్తున్న మనిషి ముఖం వారిలో చాలామంది చూడనే చూడరు. అది మీ ఓటమిని హేళన చేసిన చప్పుడు కాదని మీరు నమ్మాలని నా కోరిక.

ఇక రెండు రాజుల సంగతి. ఆసు, రాణి మీద రెండు రాజులు నూటికి సుమారు 70 సార్లు గెలుస్తాయి, మిగతా 30 సార్లలో ఒకటి మీకు ఆ రాత్రి ఎదురైంది. బహుమతి గీత దగ్గర పోగొట్టుకునే చిప్ విలువ సంపాదించే చిప్ విలువ కంటే ఎక్కువన్న మాట నిజమే, మధ్యస్థంగా చిప్స్ ఉన్నవారు పెద్ద కుప్ప ఉన్నవారితో తలపడకుండా తప్పుకొనేది అందుకే. కానీ మీ దగ్గర ఉన్నవి ఎనిమిది బిగ్ బ్లైండ్లు. ముక్కలు చూడకముందే కట్టాల్సిన స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్, ఆంటీ కలిపి ఒక్కో చుట్టుకు రెండున్నర బిగ్ బ్లైండ్ల దాకా ఖర్చవుతున్నప్పుడు, మూడు చుట్లు తిరిగేసరికి మీ ముందు దాదాపు ఏమీ మిగలదు. ఆ స్థితిలో రాజులను పడేసి నిరీక్షించడం నాకు సరైన ఆటగా తోచదు. మీ కుర్చీలో నేను కూర్చున్నా అదే చేసేవాణ్ణి.

మీ లెక్క మీరే రాశారు కనుక దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్దాం. 14 టోర్నమెంట్లకు 5,600 డాలర్లు కట్టారు, 1,850 వచ్చాయి, అంటే 3,750 పోయాయి. అంచున ఆగిపోయిన ఆ నాలుగుసార్లూ అదృష్టం కలిసి వచ్చి అట్టడుగు బహుమతి 700 చొప్పున దక్కిందని అనుకుందాం. అప్పుడు ఇంకో 2,800 చేరేవి. అయినా ఏడాది చివర 950 డాలర్ల నష్టంలోనే ఉండేవారు. మీరు నిద్ర మానుకొని తలచుకుంటున్న ఆ ముప్పయ్యో స్థానం మిమ్మల్ని ఒడ్డున పడేసేది కాదు, ఎందుకంటే టోర్నమెంటు డబ్బులో సింహభాగం పై ముగ్గురు నలుగురి కోసమే కేటాయిస్తారు. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీకి 2024లో 10,000 డాలర్ల చొప్పున కట్టి 10,112 మంది కూర్చుంటే డబ్బు ముట్టింది దాదాపు 1,500 మందికే. మొదటి గంటలో లేచినవారూ, రోజుల తరబడి ఆడి గీత దగ్గర లేచినవారూ పోగొట్టుకున్న డబ్బు సమానమే, బాధ మాత్రం రెండోవారికే ఎక్కువ.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఆ ఒక్క రాత్రి కాదు, నాలుగుసార్లు అన్న అంకె. 200 మందిలో 31 నుంచి 35 వరకు ఉన్న ఐదు స్థానాల్లో ఒకటి కేవలం యాదృచ్ఛికంగా తగిలే అవకాశం వందకు రెండున్నర, పద్నాలుగు పోటీల్లో అది ఒక్కసారైనా జరిగే అవకాశం వందకు ముప్పై, నాలుగుసార్లు జరగడం మాత్రం చాలా అరుదు. కనుక దీన్ని మొత్తం దురదృష్టం ఖాతాలో రాయలేం. నా అనుమానం ఏమిటంటే, మీరు గంటల తరబడి మంచి ముక్కల కోసం ఓపికగా ఎదురుచూస్తూ, చిప్స్ కొద్దికొద్దిగా కరిగిపోతూ ఉండగా, సరిగ్గా గీత దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదో పదో బిగ్ బ్లైండ్లతో మిగులుతున్నారు. ఇరవై, పాతిక బిగ్ బ్లైండ్లు ఉన్నప్పుడే, ముందున్నవారంతా ముక్కలు పడేసి మాట చివరి స్థానాల్లో ఉన్న మీ దగ్గరికి వచ్చినప్పుడు, ఓ మోస్తరు ముక్కలతోనైనా పందెం పెంచి ఆ బ్లైండ్లను, ఆంటీని తీసుకోవడం అలవాటు చేసుకోండి. అది ఒక్కసారి ఫలించినా ఒక చుట్టు ఖర్చు తిరిగి వచ్చినట్టే. గీత దగ్గర అందరూ భయపడుతున్నప్పుడు ఆ భయం వల్ల లాభపడేది చిప్స్ ఉన్నవారు మాత్రమే.

ఇంకొక విషయంలో మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్లాట్ యంత్రం వంటి ఆట ఆడించి చూసినప్పుడు, కొద్దిలో తప్పిపోయిన ఆటలు ఆడేవారికి మామూలు ఓటమి కంటే ఎక్కువ చేదుగా అనిపించాయి. అయినప్పటికీ, బొమ్మను తామే ఎంచుకున్న సందర్భాల్లో, అవే మళ్లీ ఆడాలన్న కోరికను పెంచాయి, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాల్లో కొన్ని అప్పుడూ స్పందించాయి. పోకర్‌లో నైపుణ్యం ఉందన్నది నిజమే, కానీ 31వ స్థానంలో లేచిన రాత్రి మీలో కలిగే 'ఇంకొంచెంలో ఉన్నాను' అన్న భావనకు ఆ నైపుణ్యంతో సంబంధం లేదు. అందుకే అలా లేచిన రాత్రి పక్క హాలులో నేరుగా డబ్బుతో ఆడే క్యాష్ గేమ్‌కు గానీ, మరుసటి టోర్నమెంటుకు గానీ డబ్బు కట్టకండి. దారిలో ఆగి ఏదైనా తిని, ఇంటికి వెళ్లి పడుకోండి. ఆ ఆటను మూడు రోజుల తరువాత, కాగితం మీద, ముక్కలూ చిప్స్ రాసుకొని పరిశీలించండి.

ఇది చదువుతున్న తెలుగు రాష్ట్రాల పాఠకులకు కూడా ఒక మాట చెప్పాలి. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఇలాంటి ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ నిషేధించాయి, 2025లో కేంద్రమూ దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. నేను చెబుతున్నది న్యూజెర్సీలో చట్టబద్ధంగా ఆడుతున్న మనిషికి మాత్రమే.

మీ శ్రీమతి గారికి ఈ వారంలోనే చెప్పండి. 'కొంత పోయింది' అని కాకుండా 3,750 అన్న అంకెతో సహా చెప్పండి, వచ్చే ఏడాది ఈ ఆటకు ఎంత కేటాయించవచ్చో, ఆ మొత్తం అయిపోతే ఆగుతానన్న మాటతో సహా, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆమెకు తెలియని డబ్బుతో ఆడుతున్నందువల్లనే 700 డాలర్ల అట్టడుగు బహుమతి మీకు అంత పెద్దదిగా కనిపిస్తోందని, అది ఇంటికి తీసుకువెళ్లి చూపగల రుజువుగా మారిందని నాకు అనిపిస్తోంది. ఒకవేళ చెప్పాలనుకున్న ప్రతిసారీ గొంతు పెగలకపోతున్నా, పోయినదాన్ని రాబట్టడానికి క్రెడిట్ కార్డు వాడాలనిపిస్తున్నా, అది ఆట మెరుగుపరచుకొనే సమస్య కాదు. అప్పుడు ఆట మానేసి, జూదం వ్యసనం నుంచి బయటపడాలనుకునేవారు మీ ప్రాంతంలో జరుపుకొనే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశానికి వెళ్లండి, అక్కడ పూర్తి పేరు కూడా చెప్పనవసరం లేదు.

అటువంటిదేమీ లేకపోతే రెండు నెలలు విరామం తీసుకొని, తిరిగి వెళ్లేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి. ప్రతి విరామ సమయంలో మీ దగ్గర ఎన్ని బిగ్ బ్లైండ్లు ఉన్నాయో, అంతకు ముందు గంటలో ముక్కలు బాగా లేకపోయినా ఎన్నిసార్లు పెంచారో అందులో రాయండి, ఏ స్థానంలో లేచారన్నది రాయవద్దు. పది టోర్నమెంట్లు నిండాక ఆ పేజీల నకలు నాకు పంపితే, చిప్స్ ఏ గంటలో కరుగుతున్నాయో కలిసి చూద్దాం.