డి లా సోల్ రెండో ఆల్బమ్ అంత సీరియస్‌గా ఎందుకు మారింది?

అమెరికన్ హిప్‌హాప్ బృందం డి లా సోల్ మొదటి ఆల్బమ్ అంత సరదాగా ఉంటే 1991లో వచ్చిన ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ ఇలా ఎందుకుందని అడిగారు కదా, సగం జవాబు కవర్ మీదే ఉంది: ఒరిగిపోయి పగిలిన కుండీ, అందులో డైసీ పూలు. 1989 నాటి ఆల్బమ్ చూసి పత్రికలు వీళ్ళని హిప్పీలని ముద్ర వేశాయి, ఆ ముద్రంటే వీళ్ళకి ఒళ్ళుమంట, అందుకే కవర్ మీద ఆ పూలకుండీని పగలగొట్టేశారు.

అలాగని పాతకాలం హుషారు వదిలేయలేదు, శనివారాల రోలర్ స్కేటింగ్ మీద పాట వినండి, డిస్కో రోజుల పార్టీలాగే ఉంటుంది. పాటల మధ్య నిర్మాత ప్రిన్స్ పాల్‌తో కలిసి చేసిన స్కిట్లలో (చిన్న చిన్న మాటల సన్నివేశాలు), చెత్తలో దొరికిన ఈ ఆల్బమ్ టేపునే కొందరు కుర్రాళ్ళు వింటూ తిట్టిపోస్తుంటారు (తమని తామే వెక్కిరించుకోవడానికి కూడా దమ్ముండాలి).

అసలు దెబ్బ మిల్లీ అనే అమ్మాయి పాటలో ఉంది. అందరూ మంచివాడనుకునే సోషల్ వర్కర్ తన కూతురినే పాడుచేస్తుంటాడు, ఆ పిల్ల చెబితే స్నేహితులు నమ్మరు, చివరికి అతను శాంటా వేషంలో ఉండగా వెళ్ళి తుపాకీ పేలుస్తుంది. బీట్ మాత్రం తాపీగా సాగిపోతుంది, నీతులు చెప్పరు, అందుకే ఇంకా గట్టిగా తగులుతుంది. క్రాక్ అనే మత్తుమందుకి బానిసైన సోదరుడి పాట కూడా బృందంలోని రాపర్ పోస్డ్‌నూస్ సొంత ఇంటి గొడవే.

నిడివి ఎక్కువే, కొన్ని స్కిట్లు నేనైతే లేపేసేవాణ్ణి. శాంపిల్ (వేరే పాటల నుంచి తీసి వాడుకున్న ముక్కలు) హక్కుల చిక్కుల వల్ల చాలా ఏళ్ళు స్ట్రీమింగ్‌లో దొరకలేదు, 2023 మార్చి నుంచి దొరుకుతోంది.