పాత లాప్‌టాప్‌లో సిమ్యులేషన్ నడవట్లేదు... అప్పు చేసి కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది రాయగడ. చిన్న కిరాణా కొట్టు. మా అమ్మాయి గుణుపూర్‌లో బీటెక్ ఈఈఈ మూడో ఏడాది చదువుతోంది. సోలార్ ఇన్వర్టర్లు, ఎలక్ట్రిక్ బండ్ల చార్జర్ల వైపు వెళ్లాలని ఆశ. వాళ్ల బాబాయి ఇచ్చిన 2015 నాటి లాప్‌టాప్ వాడుతోంది. ఐ5 ఐదో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. సిమ్యులింక్ (సర్క్యూట్లను కంప్యూటర్‌లోనే నడిపి చూసే సాఫ్ట్‌వేర్) తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, రన్ కొడితే బిగుసుకుపోతుంది. అప్పు చేసైనా 80 వేలు పెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనమని కొందరు, ఈ గొడవంతా వదిలేసి కోడింగ్ కోర్సులో చేర్పించమని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పూ వద్దు, రంగం మార్చడమూ వద్దు. ఆ లాప్‌టాప్‌లో రెండు విడిభాగాలు మార్చి, అమ్మాయి మోడల్ కట్టే తీరు కాస్త మార్చుకుంటే డిగ్రీ పూర్తయ్యేదాకా దానితోనే నెట్టుకురావచ్చు.

ముందు జబ్బెక్కడుందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్‌ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి సిమ్యులేషన్ రన్ చేయమనండి. మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి, సీపీయూ మాత్రం పది పదిహేను దగ్గర తిరుగుతుంటే ప్రాసెసర్ తప్పేమీ లేదు. ర్యామ్ చాలక విండోస్ డేటాను హార్డ్‌డిస్క్ మీదికి దించుతూ, మళ్లీ ఎక్కిస్తూ కాలం గడుపుతోందన్నమాట. మీరు చెప్పిన లక్షణాలు దీనికే సరిపోతున్నాయి. ర్యామ్ పెంచాక సీపీయూ 25, 30 శాతం దగ్గర నిలబడితే ఇంకా బోలెడు ఖాళీ ఉందనుకోవద్దు. ఆ ప్రాసెసర్‌లో నాలుగు థ్రెడ్లు (ఒకేసారి పని సాగే దారులు) ఉంటాయి, సిమ్యులింక్ మామూలు రన్ చాలావరకు ఒక్క థ్రెడ్ మీదే సాగుతుంది. అది నిండితే చూపించేది 25 శాతమే. గేమింగ్ లాప్‌టాప్‌లో డబ్బంతా పోసేది గ్రాఫిక్స్ కార్డుకి. ఈ రన్‌కి దాంతో పనే లేదు.

ఇక విడిభాగాలు. హార్డ్‌డిస్క్ స్థానంలో 2.5 అంగుళాల శాటా ఎస్ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం ఉన్నది వేయించండి. విండోస్, మ్యాట్‌ల్యాబ్ (సిమ్యులింక్ దీనిలో భాగమే) రెండూ ఉండాలి కాబట్టి 240 కన్నా 480 జీబీ మేలు. ర్యామ్ 8 జీబీకైనా చేర్చాలి, ఇటీవలి మ్యాట్‌ల్యాబ్ విడుదలలు అడిగే కనీసం అదే. కొనేముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర ‘స్లాట్స్ యూజ్డ్’ చూడండి. కొన్ని మోడళ్లలో స్లాట్ ఒక్కటే ఉంటుంది, అప్పుడు పాతది తీసి 8 జీబీది పెట్టాలి. ఆ తరానికి సాధారణంగా కావలసింది 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 కూడా అదే స్లాట్‌లో కూర్చుంటుంది, కానీ లాప్‌టాప్ లేవకపోవచ్చు. డీడీఆర్4 అసలు పట్టదు. పాత ర్యామ్ తీసి దుకాణానికి పట్టుకెళ్లడమే మేలు. వేసిన రాత్రే విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ నడిపి చూడండి, తేడా ఉంటే మర్నాడే మార్పించుకోవచ్చు.

లాప్‌టాప్ విప్పారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు కొత్తది రాయించండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో పరుపు మీద పెట్టి రన్ చేస్తే ఏ మెషీనైనా అంతే.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఐదో తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. అందుకని ఎస్ఎస్‌డీలో కొంత భాగం కేటాయించి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకుంటే మంచిది. సైల్యాబ్, ఆక్టేవ్, ఎన్‌జీస్పైస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు దానిమీద హాయిగా నడుస్తాయి. మ్యాట్‌ల్యాబ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టూల్‌బాక్సులన్నిటికీ టిక్ పెట్టొద్దు. మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్, సిమ్‌స్కేప్, సిమ్‌స్కేప్ ఎలక్ట్రికల్ చాలు. కాలేజీ ల్యాబ్‌లో ఏ విడుదల ఉందో అడిగి అదే వేసుకోవాలి. కొత్త దాంట్లో సేవ్ చేసిన మోడల్ పాత దాంట్లో నేరుగా తెరుచుకోదు, ‘ఎక్స్‌పోర్ట్ టు ప్రీవియస్ వెర్షన్’ ఇవ్వాల్సి వస్తుంది.

అసలు విషయం మోడల్‌లో ఉంది. ఈ భాగం అమ్మాయికి చూపించండి.

సోలార్ ప్రాజెక్టుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ప్యానెల్, బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీ పెంచేది), ఇన్వర్టర్ అన్నీ సెకనుకు వేల సార్లు ఆన్-ఆఫ్ అయ్యే స్విచ్‌లతో సహా కట్టి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండ మారే తీరు చూద్దామని రన్ కొడతారు. 12 గంటలంటే 43,200 సెకన్లు. స్టెప్, అంటే ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య విరామం, 1 మైక్రోసెకను అయితే 4,320 కోట్ల స్టెప్పులు! దీన్ని 80 వేల లాప్‌టాప్ కూడా మోయలేదు. రెండు ప్రశ్నలకు రెండు మోడళ్లు కట్టాలి. రోజంతా ఎంత కరెంటు వస్తుందో చూడాలంటే స్విచ్‌లు లేని లెక్క చాలు, ఒక సెకను స్టెప్‌తో 43,200 స్టెప్పుల్లో అయిపోతుంది. కంట్రోలర్ సరిచేసుకోవాలంటే స్విచ్‌ల బదులు సగటు వోల్టేజీ ఇచ్చే యావరేజ్ మోడల్, 50 మైక్రోసెకన్ల స్టెప్. రిపుల్ (వోల్టేజీలో చిన్న అలలు), హార్మోనిక్స్ (తరంగంలో కలిసే అదనపు ఫ్రీక్వెన్సీలు) కావాల్సినప్పుడే స్విచ్చింగ్ మోడల్, అదీ అర సెకను రన్‌కి. 1 మైక్రోసెకను స్టెప్‌తో అది 5 లక్షల స్టెప్పులు, ఈ మెషీన్‌కి అందే పనే.

తొందరగా అవుతుందని స్టెప్ ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. 10 కిలోహెర్ట్జ్ పీడబ్ల్యూఎంలో (స్విచ్‌ని ఆన్-ఆఫ్ చేసే పద్ధతి) ఒక సైకిల్ 100 మైక్రోసెకన్లు. స్టెప్ 1 అయితే డ్యూటీ (సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వాటా) ఒక్కో శాతం చొప్పున మారుతుంది. 5 అయితే అయిదేసి శాతం చొప్పున గెంతుతుంది. అప్పుడు అవుట్‌పుట్ వోల్టేజీ స్థిరపడక ఊగుతుంటే పాపం, వోల్టేజీని నిలకడగా ఉంచే పీఐ కంట్రోలర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

స్కోపులు (సిగ్నళ్ల గ్రాఫులు చూపే బ్లాకులు) కూడా మెమరీ మింగేస్తాయి. ఆ 5 లక్షల స్టెప్పుల్లో 20 సిగ్నళ్లు దాచితే, ఒక్కో విలువకి 8 బైట్ల చొప్పున 80 ఎంబీ. డెసిమేషన్ 10 పెడితే, అంటే పదింటికి ఒకటే దాస్తే, 8 ఎంబీకి దిగుతుంది. అలాగని 100 పెట్టారా, ప్రతి సైకిల్‌లో సరిగ్గా ఒకే చోట ఒక్క చుక్క పడి, రిపుల్ లేనే లేనట్టు నున్నటి గీత కనబడుతుంది. దాన్ని రిపోర్టులో అతికించి వైవాలో దొరికిపోయే ప్రమాదం ఉంది.

ఒక్క కన్వర్టర్ సంగతే చూసుకోవడానికి ఎల్‌టీస్పైస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తేలిక. 10 మిల్లీసెకన్లు రన్ చేసినా ‘టైమ్ టు స్టార్ట్ సేవింగ్ డేటా’ దగ్గర 9 మిల్లీసెకన్లు ఇస్తే చివరి ఒక్క మిల్లీసెకనే డిస్క్‌లోకి వెళుతుంది. మ్యాట్‌ల్యాబ్ ఆన్‌లైన్‌ని నెలకు 20 గంటలు ఉచితంగా వాడుకోవచ్చు, నెట్ నిలకడగా ఉన్న చోట అదొక ఆసరా. ఐఐటీ బాంబే వాళ్ల ఫాసీ ప్రాజెక్టు ఈసిమ్ అనే ఉచిత సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఫాసీ వేసవి ఫెలోషిప్‌కి స్క్రీనింగ్ టాస్కులు ఉంటాయి, మూడో ఏడాదిలో ప్రయత్నించదగ్గది.

ఉద్యోగం సంగతి. ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో రెజ్యూమెలో అందరూ రాస్తారు. మీ అమ్మాయి ఒకే కన్వర్టర్‌కి స్విచ్చింగ్ మోడల్ ఎన్ని నిమిషాలు పట్టింది, యావరేజ్ మోడల్ ఎన్ని సెకన్లు, రెండింటి అవుట్‌పుట్‌కి తేడా ఎంత శాతం అన్నవి కొలిచి ఒక పట్టికగా పెట్టుకోవాలి. ఇంటర్వ్యూలో ‘ఈ స్టెప్పే ఎందుకు తీసుకున్నావు?’ అనడిగితే తడుముకోకుండా చెప్పగలదు. కోడింగ్ ఇష్టమైతే నేర్చుకోనివ్వండి, కానీ ఆ లాప్‌టాప్ మీద కోపంతో మాత్రం కాదు.

మోటారు లోపలి అయస్కాంత క్షేత్రాన్ని త్రీడీలో విశ్లేషించే ప్రాజెక్టు తీసుకుంటే మాత్రం ఈ మెషీన్ చాలదు. మెష్ (మోటారును చిన్న ముక్కలుగా విడగొట్టే వల) ముక్క కొలతను మూడు దిక్కులా సగానికి తగ్గిస్తే ఎలిమెంట్లు, అంటే ఆ ముక్కలు, ఎనిమిది రెట్లవుతాయి. ఆ పని ల్యాబ్‌లో చేసుకోవాలి. ఇప్పటికే చదువు లోను ఉంటే అందులో కంప్యూటర్ ఖర్చు చూపించే వీలుందేమో బ్యాంకులో అడగండి. బయట వడ్డీకి తేవడం మాత్రం వద్దు.

ఒక జాగ్రత్త. విండోస్‌లో మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు సీ డ్రైవ్ వాల్యూమ్ నంబరుతో ముడిపడి ఉంటుంది. పాత డిస్క్ తీసేముందే డీయాక్టివేట్ చేయమనండి. లేకపోతే కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ మళ్లీ వేశాక యాక్టివేషన్ కోసం కాలేజీ చుట్టూ తిరగాలి. తీసిన హార్డ్‌డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి ప్రాజెక్టు ఫైళ్ల కాపీకి వాడుకోవచ్చు.