తోమిన మర్నాడే ఇత్తడి కుందులకు మచ్చలు: సమాధానం

చింతపండుతో తోమి, గుంటూరు బోరునీటితో కడిగి, గాలికి ఆరబెట్టిన మీ ఇత్తడి కుందులపై తెల్లవారేసరికి మచ్చలు రావడానికి కారణం తోమడంలో లోపం కాదు. సందుల్లో మిగిలిన పులుపు, ఆరిన నీరు వదిలిన లవణాలు.

1. గుజ్జును 5 నిమిషాలకు మించి ఉంచకండి. ఎక్కువసేపు నానితే ఇత్తడిలోని జింకు కరిగి, రాగి ఎరుపు పైకి తేలుతుంది.

2. చాలామంది వదిలేసేది ఈ పనినే. కడిగిన వెంటనే కుంది మరలు విప్పి, లీటరు నీటిలో ఒక చెంచా వంటసోడా కలిపి, ఆ నీటిలో ముంచి, మర చుట్లను, వత్తి గుంటను పాత పళ్లబ్రష్షుతో రుద్దండి. మిగిలిన పులుపును సోడా విరిచేస్తుంది. కుళాయి కింద ఎంత కడిగినా ఆ చుట్లలోని పులుపు పూర్తిగా పోదు.

3. చివరిసారి ఆర్వో నీటితో కడిగి, నీరు దానంతట అది ఆరేదాకా ఆగకుండా పొడి నూలుగుడ్డతో తుడిచి, అరగంట ఎండలో ఉంచాకే మరలు బిగించండి.